స్టీవ్ హారిస్ గ్యాలప్‌ని బేస్ మీద పట్టుకోవడం ఎలా: రెండు వేళ్ళు, ఒక మెట్రోనోమ్, బోలెడంత ఓపిక

బేస్ గిటార్ కొన్న కొత్తల్లో మెటల్ వినేవాళ్ళెవరైనా ముందు వాయించాలని ఆశపడేది బ్రిటిష్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ గ్యాలపే, అదే, గుర్రం దౌడు తీస్తున్నట్టు ఉండే ఆ రిథమ్. వీడియోల్లో చూస్తే ఆ బ్యాండ్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ ఒక కాలు స్టేజ్ మీదుండే స్పీకర్ మీద పెట్టి, పాటలో ప్రతీ మాటా పెదాలతో పాడుకుంటూ, హాయిగా వాయించేస్తుంటాడు. మనం బేస్ తగిలించుకుని మొదలెడితే రెండు నిమిషాలకే ముంజేయి కర్రలా బిగుసుకుపోతుంది, నాలుగో నిమిషానికి వేళ్ళు మన మాట వినడం మానేస్తాయి. నాకు ఇది సరిగ్గా రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది, అందులో ఏడాది పైగా తప్పు పద్ధతిలో ప్రాక్టీస్ చెయ్యడం వల్లే పోయింది, కనీసం ఆ ఏడాది మీకు మిగలాలని ఇదంతా రాస్తున్నా.

ముందు మనిషి గురించి కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే ఆయన వాయించే తీరు ఆయన వచ్చిన దారి నుంచే వచ్చింది. హారిస్ 1956 మార్చి 12న తూర్పు లండన్‌లో లేటన్‌స్టోన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ పిచ్చి, వెస్ట్ హామ్ యునైటెడ్ కుర్రాళ్ళ జట్టుతో ట్రైనింగ్ కూడా చేశాడు, ఇప్పటికీ ఆయన బేస్ మీద ఆ క్లబ్ గుర్తు కనబడుతుంది. అసలు ఆయనకి డ్రమ్స్ నేర్చుకోవాలని ఉండేదట, ఇంట్లో డ్రమ్ కిట్ పెట్టుకునే చోటు లేక బేస్ వైపు వచ్చాడు. నాకైతే ఆయన టెక్నిక్ మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది, ఆయన బేస్‌ని తీగలున్న డ్రమ్‌లాగా వాయిస్తాడు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది లేదు, మొదట కొన్నది ఫెండర్ ప్రెసిషన్ అనే పేరున్న బేస్ మోడల్‌కి కాపీ, నలభై పౌండ్లు పెట్టి. యెస్ (Yes) బ్యాండ్ క్రిస్ స్క్వైర్, ద హూ బ్యాండ్ జాన్ ఎంట్‌విజిల్, విష్‌బోన్ యాష్ బ్యాండ్ మార్టిన్ టర్నర్, ఇలా బేస్‌ని వెనక దాచకుండా ముందుకి తెచ్చినవాళ్ళని విని విని నేర్చుకున్నాడు.

మెయిడెన్‌కి ముందు స్మైలర్ అనే బ్యాండ్‌లో ఉండేవాడు, అక్కడ ఈయన రాసిన పాటల్లో టైమింగ్ మార్పులు ఎక్కువున్నాయని, మరీ కష్టంగా ఉన్నాయని మిగతావాళ్ళు వాయించడానికి ఇష్టపడలేదు. దాంతో బయటికొచ్చేసి 1975 క్రిస్మస్ రోజున ఐరన్ మెయిడెన్ మొదలెట్టాడు. పగలు డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, రాత్రుళ్ళు తూర్పు లండన్ పబ్బుల్లో షోలు, అలా నాలుగేళ్ళ పైన నడిచాక 1980లో మొదటి ఆల్బమ్ వచ్చింది. సింగర్లు మారారు, గిటారిస్టులు మారారు, డ్రమ్మర్లు మారారు, బేస్ దగ్గర మాత్రం మొదటి రోజు నుంచి ఈరోజు దాకా అదే మనిషి, పాటల్లో ఎక్కువ భాగం రాసేది కూడా ఆయనే. బేస్ వాయించేవాళ్ళంటే గిటారిస్ట్ దొరకనప్పుడు ఏదో ఒకటి పట్టుకున్నవాళ్ళు అని మన దగ్గర కాలేజీ బ్యాండ్లలో ఇప్పటికీ అంటుంటారు, అలా అనేవాళ్ళకి ఈ కెరీర్ ఒక్కటి చూపిస్తే చాలు.

సరే, గ్యాలప్ అంటే ఏంటి. మృదంగం క్లాసు బయట నుంచి విన్నా సరే మీకు తకధిమి తెలిసే ఉంటుంది. ఒక బీట్‌లో నాలుగు సమాన భాగాలు, త-క-ధి-మి. ఇప్పుడు అందులో "క"ని నోట్లోనే మింగెయ్యండి, కానీ దాని టైమ్ మాత్రం అలాగే ఉంచండి. త... ధిమి, త... ధిమి, త... ధిమి. అదే గ్యాలప్, ఇంకేం లేదు. మొదటి నోటు పొడుగు, తర్వాత రెండు నోట్లు దానిలో సగం సగం. ఇందులో చాలామంది చేసే తప్పు, నేను ఏడాది పాటు చేసిన తప్పు కూడా ఇదే, స్పీడు పెరిగేకొద్దీ తెలీకుండానే ఇది తకిట తకిట తకిట అయిపోతుంది, అంటే మూడు నోట్లూ సమానం అయిపోతాయి. వింటే దగ్గర దగ్గరగానే ఉంటుంది, వాయించేవాడికి అసలు తేడా తెలీదు, కానీ డ్రమ్మర్‌తో కూర్చుంటే రెండు బార్లలో (బార్ అంటే నాలుగు బీట్లు) బండి పట్టాలు తప్పుతుంది. తకిటలో గుర్రం పరిగెత్తదు, ఉయ్యాల ఊగుతుంది. గ్యాలప్‌కి ప్రాణం ఆ మింగేసిన "క"లోనే ఉంది.

అందుకే మొదటి వారం బేస్ ముట్టుకోకండి, నిజంగా చెప్తున్నా. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (టక్ టక్ మని బీట్ కొట్టేది) 70 మీద, అంటే నిమిషానికి 70 బీట్లు వచ్చేలా పెట్టి, కాలితో బీట్ వేస్తూ, నోటితో ఒక నిమిషం తకధిమి మొత్తం, తర్వాతి నిమిషం "క" మింగేసి, మళ్ళీ ఒక నిమిషం తకిట, మళ్ళీ గ్యాలప్, ఇలా మార్చి మార్చి అనండి. బస్సులో అనుకోవచ్చు, ఆఫీసు లిఫ్ట్‌లో అనుకోవచ్చు. తకిటకీ గ్యాలప్‌కీ మధ్య తేడా నోటికి పట్టుబడ్డాక వేళ్ళకి చెప్పడం చాలా ఈజీ, నోరు పలకలేనిది వేలు పలకదు.

ఇప్పుడు కుడిచెయ్యి. హారిస్ పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) వాడడు, చూపుడు వేలు మధ్య వేలు ఈ రెండిటితోనే వాయిస్తాడు. బొటనవేలు పికప్ (తీగల కింద సౌండు పట్టే భాగం) మీద ఆనించండి, బరువు మాత్రం వెయ్యొద్దు, ఆసరాకి మాత్రమే. మణికట్టు వీలైనంత తిన్నగా ఉండాలి, చాలామంది బేస్‌ని మోకాళ్ళ దాకా వేలాడదీస్తారు చూడ్డానికి బాగుంటుందని, దాంతో మణికట్టు కొక్కెంలా వంగిపోతుంది, అలా వంచి స్పీడుగా వాయిస్తే నరాల మీద ఒత్తిడి పడుతుంది. స్ట్రాప్ పొట్ట దగ్గరికి బేస్ వచ్చేలా పెట్టుకోండి. వేలితో తీగని పైకి లాగకూడదు, వేలు తీగని దాటి పక్క తీగ మీద వచ్చి ఆగాలి, అన్నిటికంటే లావు తీగ వాయిస్తుంటే బొటనవేలి మీద ఆగాలి. కదలిక మొత్తం వేలి మొదట్లో ఉన్న కణుపు నుంచి రావాలి, ముంజేయి ఊగకూడదు.

ఏ వేలు ఎప్పుడు అన్నది చాలామంది పట్టించుకోరు, అసలు కథ అక్కడే ఉంది. ఒక గ్యాలప్‌లో మూడు నోట్లు, మనకి ఉన్నవి రెండు వేళ్ళు, కాబట్టి ఖచ్చితంగా మార్చి మార్చి వాయిస్తే మొదటి బీట్ చూపుడు-మధ్య-చూపుడు అవుతుంది, రెండో బీట్ మధ్య-చూపుడు-మధ్య అవుతుంది. అంటే బీట్ మీద పడే వేలు ప్రతీసారీ మారుతుంది. మొదట్లో ఇది చాలా వింతగా ఉంటుంది, మెదడు ఒప్పుకోదు, ప్రతీ బీట్‌నీ చూపుడు వేలితోనే మొదలెట్టాలని చూస్తుంది. మొదలెట్టారనుకోండి ఏమవుతుందో లెక్క చూడండి. మెయిడెన్ పాట ద ట్రూపర్ దాదాపు 160 బీపీఎం (నిమిషానికి బీట్లు), అంటే ఒక బీట్ 375 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 94 మిల్లీసెకన్లు లోపే. బీట్ చివరి "మి" చూపుడు వేలితో వాయించి మళ్ళీ తర్వాతి "త" కూడా దాంతోనే వాయించాలంటే ఆ 94 మిల్లీసెకన్లలో అదే వేలు వెనక్కొచ్చి మళ్ళీ కొట్టాలి. ఒకటి రెండు సార్లు కుదురుతుంది, పాట మొత్తం కుదరదు, చెయ్యి పట్టేసేది కూడా సరిగ్గా ఇక్కడే. మార్చి మార్చి వాయిస్తే ఏ వేలికైనా కనీసం దానికి రెట్టింపు టైమ్ దొరుకుతుంది. కొందరు ఉంగరం వేలు కూడా కలిపి మూడు వేళ్ళతో ఒక్కో గ్యాలప్ వాయిస్తారు, అది తప్పేం కాదు, కానీ మూడు వేళ్ళూ పొడుగులో బలంలో వేరు వేరు కాబట్టి మూడు నోట్లు ఒకే సౌండులో రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, నా మాట వింటే ముందు రెండు వేళ్ళ పద్ధతి స్థిరపడనివ్వండి.

ప్రాక్టీస్ ఇలా చెయ్యండి. మెట్రోనోమ్ 70, ఏ-స్ట్రింగ్ (లావు తీగ పక్కది) మీద 5వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత), ఒకటే నోటు. ముందు రెండు నిమిషాలు నాలుగు నోట్లూ వాయించండి, తకధిమి తకధిమి, తర్వాత "క" తీసేసి రెండు నిమిషాలు. ఇంతే, ఆపి చెయ్యి దులిపి ఒక నిమిషం ఊరుకుని మళ్ళీ. రోజుకి ఇలా పదిహేను నిమిషాలు చాలు. రెండు నిమిషాలు మూడు నోట్లూ ఒకే సౌండులో, చెయ్యి బిగుసుకోకుండా వస్తేనే మర్నాడు 4 పెంచండి, రాకపోతే అక్కడే ఉండండి, నాలుగు రోజులైనా సరే వారమైనా సరే. 110 దాకా చాలామందికి సాఫీగా వస్తుంది, 120 నుంచి 135 మధ్యలో ఒక గోడ ఉంటుంది, అందరికీ ఉంటుంది, నేనక్కడ రెండు నెలలు ఆగిపోయా. అక్కడ బలం పెంచి దాటాలని చూడొద్దు, సౌండు తగ్గించి దాటాలి. యాంప్ వాల్యూమ్ పెంచేసి వేలితో సగం బలంతోనే తాకండి, వేలు కదిలే దూరం తగ్గుతుంది, దూరం తగ్గితే స్పీడు అదే వస్తుంది.

ఇంకో పని, ఫోన్‌లో రికార్డ్ చేసి ఏదైనా ఫ్రీ ఆడియో ఎడిటర్‌లో పెట్టి ఆ గీతలు చూడండి. మూడు శిఖరాలు ఒకే ఎత్తు ఉండాలి, మొదటి దానికీ రెండో దానికీ మధ్య దూరం, రెండో దానికీ మూడో దానికీ మధ్య దూరం కన్నా రెట్టింపు ఉండాలి. చెవి మనల్ని మోసం చేస్తుంది గానీ ఆ గీతలు చెయ్యవు. నేను తకిట వాయిస్తున్నానని నాకు తెలిసింది ఇలాగే, ఏడాది తర్వాత, ఒక ఫ్రెండ్ అనుమానమొచ్చి రికార్డ్ చేసి చూపిస్తే.

ఎడమచెయ్యి సంగతి ఎవరూ చెప్పరు. గ్యాలప్ చక్కగా తెగినట్టు వినబడాలంటే నోటు మొదలవడమే కాదు ఆగడం కూడా ముఖ్యం, అది ఎడమచెయ్యి పని. ఫ్రెట్ మీద వేలు నొక్కి పట్టుకుని ఉండిపోతే అంతా కలిసిపోయి గుయ్యిమనే మోతే మిగులుతుంది. వేలు తియ్యకుండా, నొక్కుడు మాత్రం కాస్త వదిలితే తీగ ఫ్రెట్‌ని వదిలేసి సౌండు ఆగుతుంది. "త" తర్వాత ఆ మింగిన "క" దగ్గర అలా చిన్నగా వదిలి చూడండి, ఒక్కసారిగా గుర్రం డెక్కల చప్పుడు వినబడుతుంది. లావు తీగని ఫ్రెట్ ఏమీ నొక్కకుండా ఖాళీగా వాయించేటప్పుడు ఇంకా జాగ్రత్త, అది 41 హెర్ట్జ్‌లో మోగుతుంది, ఆపేవాళ్ళు లేకపోతే ఆగదు, ఎడమచేతి వేళ్ళు దాని మీద తేలిగ్గా ఆనించడం అలవాటు చేసుకోండి. వాయించని తీగలన్నీ కూడా ఏదో ఒక వేలి కింద నిశ్శబ్దంగా ఉండాలి.

నొప్పి గురించి. అలసట వేరు నొప్పి వేరు. ముంజేయి వేడెక్కి బరువుగా అనిపిస్తే అది అలసట, ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మణికట్టులో గుచ్చినట్టున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పొద్దున లేచాక చెయ్యి ముడవలేకపోయినా అది నొప్పి, ఆరోజు బేస్ కేస్‌లో పెట్టెయ్యండి, రోజుల తరబడి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. కాలేజీ ఫెస్ట్ దగ్గరకొచ్చిందని నేను ఆపకుండా వాయించి మూడు వారాలు గ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేకపోయా, ఫెస్ట్ ఎలాగూ పోయింది.

సామాను విషయానికొస్తే, ఖరీదైనది ఏం అక్కర్లేదు, కానీ ఆయన సౌండు ఎందుకలా ఉంటుందో తెలిస్తే మీ దగ్గరున్న దాంతోనే దగ్గరికి వెళ్ళొచ్చు. ఆయన వాడేది ఫెండర్ ప్రెసిషన్, తీగలు రోటోసౌండ్ కంపెనీ ఫ్లాట్‌వౌండ్, అంటే పైన నున్నగా ఉండేవి, ఆయన పేరు మీదే సెట్ ఉంది, లావు అంగుళంలో వెయ్యో వంతుల్లో 50, 75, 95, 110. మామూలుగా మనకి షాపులో వేసి ఇచ్చేవి 45 నుంచి 105, అవి కూడా రౌండ్‌వౌండ్, అంటే గరుగ్గా ఉండేవి. ఫ్లాట్‌వౌండ్ అనగానే అందరూ జాజ్ వాళ్ళ మెత్తటి మొద్దు సౌండే గుర్తు తెచ్చుకుంటారు, మరి ఈయన సౌండు గంటలా ఖంగుమంటుంది కదా అంటే, ఆయనకి ప్రతీ షోకి తీగలు కొత్తవి వేస్తారు. ఫ్లాట్స్ కొత్తగా ఉన్న కొద్ది గంటలు మెరిసే సౌండు ఇస్తాయి, తర్వాతే మొద్దుబారతాయి. దానికి తోడు ట్రెబుల్ బాగా పెట్టి, తీగలు ఫ్రెట్లకి దగ్గరగా ఉంచి, వేళ్ళతో గట్టిగా దించితే తీగ వెళ్ళి ఫ్రెట్లకి తగిలి ఆ లోహపు చప్పుడు వస్తుంది. లావు తీగలు బిగువుగా ఉంటాయి కాబట్టి అంత గట్టిగా కొట్టినా అటూ ఇటూ కొట్టుకోవు. మనం రోజుకో సెట్ కొనలేం, ఒక్క సెట్ కొంటేనే నెల బడ్జెట్ కదిలిపోతుంది, కాబట్టి రౌండ్‌వౌండ్స్ మీదే టోన్ నాబ్ పూర్తిగా తెరిచి, డిస్టార్షన్ ఏమీ పెట్టకుండా, మిడ్స్ కాస్త పెంచి వాయించండి. ప్రాక్టీస్‌కి అది చాలా చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు హెడ్‌ఫోన్ యాంప్ ఒకటి కొనుక్కుంటే పక్కింటివాళ్ళతో గొడవ ఉండదు.

ఒక నోటు మీద 140 దాటాక అప్పుడు కదలండి. మెయిడెన్ పాటల్లో పదే పదే వినబడే ఒక వరస ఉంది, E మైనర్ కార్డ్ నుంచి C, అక్కడి నుంచి D, మళ్ళీ E మైనర్. బేస్ మీద లావు తీగ ఖాళీగా రెండు బార్లు, తర్వాత ఏ-స్ట్రింగ్ 3వ ఫ్రెట్ ఒక బార్, 5వ ఫ్రెట్ ఒక బార్, మళ్ళీ మొదటికి. పై తీగ నుంచి కింది తీగకి మారేటప్పుడు ఏ వేలు వంతు వచ్చిందో తప్పిపోతుంది, అందుకని ముందు 90కి దించి వాయించండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఒక్కో నోటు సరిగ్గా బీట్ మీద మారాలి, ముందే జారిపోకూడదు.

తర్వాత డ్రమ్స్ వినడం. హారిస్ గ్యాలప్ ఒంటరిగా ఎప్పుడూ ఉండదు, దాని కింద కిక్ డ్రమ్ (కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద డ్రమ్) ఉంటుంది. 1983 ఆల్బమ్ పీస్ ఆఫ్ మైండ్ నుంచి డ్రమ్స్ దగ్గర నికో మెక్‌బ్రెయిన్ వచ్చాడు, 2024 డిసెంబర్‌లో టూర్ల నుంచి తప్పుకునే దాకా ఆ జోడీ నడిచింది. నికో ఆ ఏళ్ళన్నీ దాదాపుగా ఒక్క కాలితో ఒక్క పెడల్ మీదే కిక్ వాయించేవాడు, డబుల్ పెడల్ కాదు, ఇది తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ద ట్రూపర్‌లో బేస్‌ని వదిలేసి కేవలం కిక్ డ్రమ్‌నే పట్టుకుని నాలుగైదు సార్లు వినండి, ఆ తర్వాత బేస్ తీసుకోండి. ఆ పాట అదే ఆల్బమ్‌లోది, రాసింది హారిసే, 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర బ్రిటిష్ అశ్వదళం రష్యన్ ఫిరంగుల ముందుకి దూసుకెళ్ళి చచ్చిపోవడం గురించి. అంటే అక్కడ గ్యాలప్ ఊరికే స్టైల్ కోసం పెట్టింది కాదు, ఆ గుర్రాలే అవి. ఇది తెలిసి వాయిస్తే చెయ్యి వేరేగా పడుతుంది, నమ్మండి.

2007 మార్చి 17న మెయిడెన్ మొదటిసారి ఇండియా వచ్చి బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు మేం నలుగురం కాచిగూడలో రైలెక్కి వెళ్ళాం, జనరల్ బోగీలో, తిరిగి రావడానికి డబ్బులు సరిపోతాయో లేదో కూడా లెక్కేసుకోకుండా. నేను పాటలు చూడలేదు, రెండు గంటలు ఆయన కుడిచెయ్యినే చూశా. దూరం నుంచి కూడా ఒక విషయం కనబడింది, వేళ్ళు అంత ఆవేశంగా కొడుతుంటే భుజం, మోచెయ్యి మాత్రం నిద్రపోతున్నట్టు వదులుగా ఉన్నాయి. అప్పటిదాకా నేను భుజం చెవి దాకా ఎత్తి వాయించేవాడిని. ఇంటికొచ్చి చేసిన మొదటి పని అద్దం ముందు నిలబడి వాయించడం, భుజం లేచినప్పుడల్లా ఆపడం. మీరూ చెయ్యండి, అద్దం లేకపోతే ఫోన్ వీడియో.

నిలబడి అన్నా కదా, అది కూడా ముఖ్యమే, మంచం మీద కూర్చుని 160 వచ్చినవాళ్ళకి స్ట్రాప్ తగిలించుకుని నిలబడగానే 130కి పడిపోతుంది, కాబట్టి మొదటి నెల నుంచే సగం ప్రాక్టీస్ నిలబడి చెయ్యండి. 160 దగ్గర ఆపకుండా వాయిస్తే నిమిషానికి 480 నోట్లు. ద ట్రూపర్‌లో మధ్య మధ్య సింగర్ ఒక్కడే పాడే చోట్ల బ్యాండ్ ఆగుతుంది, ఆ క్షణాల్లో చెయ్యి పూర్తిగా వదిలెయ్యడం కూడా ప్రాక్టీస్‌లో భాగమే, అక్కడ వదలకపోతే చివరి సోలో కింద చిక్కుకుపోతారు.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందంటే నా పరీక్ష ఒకటే, వాయిస్తూ మాట్లాడి చూడండి. ఎవరైనా తలుపు దగ్గర నిలబడి అన్నం తిన్నావా అని అడిగితే గ్యాలప్ చెడకుండా "ఇంకో పది నిమిషాల్లో వస్తా" అని చెప్పగలగాలి. ఆ తర్వాత పాట మాటలు పెదాలతో పలుకుతూ వాయించడం, హారిస్ చేసేది అదే. అది కుదిరిన రోజు 1980 మొదటి ఆల్బమ్ తీసి ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా మొదలెట్టండి, అందులో గ్యాలప్ ఒక్కటే కాదు, రిథమ్ నాలుగైదు సార్లు మారిపోతుంది, బేస్ గిటార్లతో సమానంగా పరిగెడుతుంది. మళ్ళీ 70 దగ్గర నుంచే.